డయాలసిస్ అయ్యాక సూది పెట్టిన చోట రక్తం ఆగట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయనకి డయాలసిస్ మొదలై ఆరేళ్లు దాటింది, వారానికి మూడు రోజులు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. బయట బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్లు అడిగేవి, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లు, తిరిగి తిరిగి ఇవే డౌట్లు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్‌ని కాదు, మా నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పినవి, టెక్నీషియన్లు చేయి పట్టుకుని నేర్పించినవి, మేం పడ్డాక తెలిసినవి ఇవన్నీ. ఎక్కువగా చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి తయారుచేసిన నరం) ఉన్నవాళ్ల కోసం రాశాను, గ్రాఫ్ట్, మెడ దగ్గర పైపు ఉన్నవాళ్ల సంగతి చివర్లో ఉంది. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## సూదులు తీయకముందే తెలుసుకోవాల్సినవి

మామూలు ఇంజెక్షన్‌కి దూది అద్దితే ఆగిపోతుంది కదా, డయాలసిస్ సూదికి ఇంతసేపు ఎందుకు?

మొదటి కారణం సూది లావు. ఎక్కువమందికి వాడేది 16 గేజ్ సూది, అంటే మందం ఒకటిన్నర మిల్లీమీటర్ పైనే, టీకా వేసే సన్నని సూదికి రెండింతల కన్నా ఎక్కువ. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ సూది లావవుతుంది, 15 అంటే 16 కన్నా లావు. రెండోది, ఫిస్టులా అంటే సిరని తీసుకొచ్చి ధమనికి కలిపి కుట్టడం కదా, ఆ నరంలో నిమిషానికి 600 మిల్లీలీటర్లు, కొందరికి లీటరు పైన రక్తం పరుగెడుతుంది. మామూలు నరానికి పడిన చిల్లు, దీనికి పడిన చిల్లు ఒకటి కాదు. మూడోది మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్. వీటికి తోడు కిడ్నీ జబ్బులో ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపడా ఉన్నా పని సరిగ్గా చేయవు, రిపోర్ట్‌లో నంబర్ బాగానే కనపడుతుంది కానీ చిల్లు పూడ్చడంలో నెమ్మదిస్తాయి.

ఎంతసేపట్లో ఆగాలి? ఎన్ని నిమిషాలు దాటితే భయపడాలి?

చాలామందికి ఒక్కో చిల్లు 5 నుంచి 10 నిమిషాల్లో కట్టేస్తుంది, కొందరికి 15 దాకా పడుతుంది. 20 నిమిషాలు సరిగ్గా నొక్కి పట్టినా ఇంకా కారుతుంటే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాల్సిందే. కానీ నా దృష్టిలో ఈ 20 కన్నా ముఖ్యమైన నంబర్ మీ మనిషికి మామూలుగా పట్టే టైం. ఎప్పుడూ 7 నిమిషాల్లో ఆగే మనిషికి వరుసగా 15 పడుతోందంటే, 20 లోపే కదా అని ఊరుకోకూడదు, ఆ చేతిలో ఏదో మారింది. అందుకే చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతిసారీ నిమిషాలు రాయండి అని కనపడినవాళ్లందరికీ చెప్తుంటా.

అసలు హెపారిన్ లేకుండా డయాలసిస్ చేయమని అడగొచ్చా?

అడగొచ్చు కానీ ప్రతిసారీ కుదరదు. హెపారిన్ లేకపోతే ఫిల్టర్‌లో, పైపుల్లో రక్తం గడ్డకట్టి ఆ రక్తమంతా వేస్ట్ అవుతుంది, డయాలసిస్ కూడా సరిగ్గా జరగదు. హెపారిన్ ప్రభావం గంట, గంటన్నరకి సగానికి తగ్గుతుంది, అందుకే ఫిస్టులా ఉన్నవాళ్లకి సెషన్ అయిపోవడానికి అరగంట నుంచి గంట ముందే ఆపేస్తుంటారు. రక్తం ఆలస్యంగా కడుతుంటే "హెపారిన్ ఎంత ఇస్తున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు" అని అడగండి, డాక్టర్ డోస్ తగ్గించడమో ఇంకాస్త ముందు ఆపడమో చేస్తారు. పన్ను పీకించుకున్నా, కింద పడి తలకి దెబ్బ తగిలినా, నల్లగా విరేచనం అయినా, మొలల్లోంచి రక్తం పోతున్నా, ఆడవాళ్లకి నెలసరి ఎక్కువగా ఉన్నా, ఆపరేషన్ డేట్ దగ్గర్లో ఉన్నా మిషన్ ఎక్కకముందే చెప్పండి. అలాంటప్పుడు హెపారిన్ లేకుండా మధ్యమధ్యలో సెలైన్‌తో ఫ్లష్ చేస్తూ చేస్తారు. మిషన్ మీదకి ఎక్కాక గుర్తొచ్చి చెప్తే అప్పటికే మొదటి డోస్ వెళ్లిపోయి ఉంటుంది.

నాన్నగారికి స్టెంట్ వేశారు, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. డయాలసిస్ రోజు మానేయొచ్చా?

మీ అంతట మీరు మాత్రం ఒక్క రోజు కూడా మానేయొద్దు. ఆ మందులు స్టెంట్ మూసుకుపోకుండా కాపాడుతున్నాయి, చేతి దగ్గర పది నిమిషాలు మిగుల్చుకుందామని గుండెని పణంగా పెట్టకూడదు. గుండె డాక్టర్, కిడ్నీ డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే) టెస్ట్ టైంకి చేయించుకోవాలి, అది పెరిగిపోతే రక్తం అసలు కట్టదు. మెడికల్ షాప్‌లో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా రక్తస్రావాన్ని పెంచుతాయి, వేసుకుంటుంటే దాచకండి.

ఎప్పుడూ గుచ్చే చోటే గుచ్చితే నొప్పి తెలీదు, అక్కడే పెట్టమని అడుగుతున్నాం. తప్పా?

నొప్పి తెలియకపోవడం నిజమే, అక్కడ చర్మం మొద్దుబారిపోతుంది. కానీ ఒకే రెండంగుళాల జాగాలో వారానికి మూడుసార్లు గుచ్చుతుంటే నరం గోడ పలచబడి ఉబ్బుతుంది, పైన చర్మం సాగిపోతుంది, సాగిన చర్మానికి చిల్లు బిగించుకునే శక్తి ఉండదు, అందుకే అక్కడ రక్తం ఆగదు. మా ఆయన చేతికి మొదటి రెండేళ్లలో రేగుపండంత ఉబ్బులు రెండు వచ్చాయి, మేమే అక్కడ గుచ్చమని బతిమాలాం మరి. ఆ తర్వాత వచ్చిన టెక్నీషియన్ ఒప్పుకోలేదు, నరం పొడవునా ఒక్కోసారి కొంచెం కొంచెం జరుపుతూ, నిచ్చెన మెట్లలా పైకి వెళ్లి మళ్లీ కింద నుంచి మొదలుపెట్టేవారు. కొత్త చోట గుచ్చినప్పుడు నొప్పి భరించలేకపోతే మత్తు క్రీమ్ ముందుగా రాసుకునే పద్ధతి ఉంది, అడగండి. బటన్‌హోల్ అని ఒకే చిల్లులో మొద్దు సూది పెట్టే పద్ధతి వేరు, అది ట్రైనింగ్ ఉన్నచోట పద్ధతిగా చేస్తారు, దాన్ని చూసి ఇది కూడా అదే అనుకోకండి.

## సూదులు తీసేటప్పుడు, నొక్కి పట్టుకునేటప్పుడు

నొక్కడం అంటే కరెక్ట్‌గా ఎక్కడ నొక్కాలి? నొక్కుతున్నా పక్కనుంచి కారుతోంది

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. సూది ఏటవాలుగా లోపలికి వెళ్తుంది, కాబట్టి చర్మం మీద కనిపించే చిల్లు ఒకచోట, లోపల నరానికి పడిన చిల్లు దానికి కాస్త ముందు, సూది మొన ఎటు వెళ్లిందో అటు. మనం కనిపించే చిల్లు మీదే వేలు పెడితే పైకి ఆగినట్టుంటుంది, లోపల మాత్రం చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. అందుకే చూపుడువేలు, మధ్యవేలు రెండూ పక్కపక్కన, నరం వెంబడి పెట్టాలి, ఒకటి చర్మం చిల్లు మీద, ఇంకోటి దాని ముందు. మడిచిన గాజ్ చిన్నదిగా, మందంగా ఉండాలి, దూది ఉండ పెద్దదిగా పెడితే ఒత్తిడంతా దూదే మింగేస్తుంది.

ఇంకోటి, సూది పూర్తిగా బయటికి వచ్చాకే నొక్కాలి. లోపల ఉండగానే నొక్కేస్తే సూది అంచు నరం గోడని కోస్తుంది, పేషెంట్ అబ్బా అని అరుస్తారు, చిల్లు ఇంకా పెద్దదవుతుంది. గాజ్ మెల్లగా ఆనించి ఉంచి, సూది పెట్టిన కోణంలోనే వెనక్కి లాగి, బయటికొచ్చిన ఆ క్షణంలో నొక్కాలి. నొక్కేది వేలి కొసలతో, అరచేతితో కాదు.

ఆగిందో లేదో మధ్యలో ఎత్తి చూడొచ్చా?

వద్దు. చిల్లు దగ్గర కట్టే మొదటి గడ్డ చాలా మెత్తన, గాజ్ ఎత్తగానే దానికి అంటుకుని ఊడొస్తుంది, మళ్లీ మొదటి నిమిషం నుంచి లెక్క. మూడు నిమిషాలకోసారి చూసేవాళ్లకి అరగంటైనా ఆగకపోవడానికి కారణం ఇదే. గోడ గడియారం చూసుకుని పది నిమిషాలు కదలకుండా పట్టుకోండి.

ఎంత గట్టిగా నొక్కాలి? గట్టిగా నొక్కితే ఫిస్టులా ఆగిపోతుందని భయపెడుతున్నారు

భయంలో నిజం ఉంది. రక్తం బయటికి రాకూడదు, లోపల ప్రవాహం ఆగకూడదు, ఆ మధ్యలో ఉండాలి మన ఒత్తిడి. నొక్కిన చోటికి పైన, కింద ఇంకో చేత్తో తాకి చూస్తే ఫిస్టులా గురగురమని అదురుతూ తెలియాలి. అదురు పూర్తిగా పోయిందంటే ఎక్కువ నొక్కుతున్నట్టు, కొంచెం సడలించండి. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఒత్తిడి తక్కువున్న నరాన్ని గట్టిగా మూసేస్తే గడ్డకట్టి ఫిస్టులా పోయే ప్రమాదం ఉంది.

మేమే నొక్కొచ్చా, స్టాఫే నొక్కాలా?

పేషెంట్ తెలివిగా, ఓపికగా ఉంటే రెండో చేత్తో తనే నొక్కుకోవడం మంచిదే, ఎంత నొక్కితే సరిపోతుందో వాళ్లకే బాగా తెలుస్తుంది. కళ్లు తిరుగుతున్నా, చేతులు వణుకుతున్నా ఇంట్లోవాళ్లు పట్టుకోవచ్చు, కాకపోతే గ్లౌజులు వేసుకోండి. హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా అంటుకుంటాయి, డయాలసిస్ యూనిట్లలో వాటికి భయపడే అంత జాగ్రత్త తీసుకుంటారు. మన మనిషే కదా అని ఒట్టి చేతులతో పట్టుకుని, అదే చేత్తో పక్క బెడ్ ఆయనకి సాయం చేయడం అస్సలు వద్దు.

రెండు సూదులూ ఒకేసారి తీసేసి రెండు చోట్లా నొక్కుకోమంటున్నారు

ఒక్కటి తీసి, అది కట్టాక రెండోది తీయడమే పద్ధతి. ఉన్నది ఒక చెయ్యి, చిల్లులు రెండు, ఏదో ఒకటి సరిగ్గా నొక్కలేం. షిఫ్ట్ మారే టైంలో హడావుడి ఉంటుంది నిజమే, అయినా "ఒకటి ఆగాక రెండోది తీయండి సిస్టర్" అని నెమ్మదిగా అడగండి, ఎవరూ కాదనరు.

క్లిప్పు లాంటిది పెట్టి వదిలేస్తున్నారు, మంచిదేనా?

దాన్ని క్లాంప్ అంటారు. బాగా ముదిరిన, ప్రవాహం గట్టిగా ఉన్న ఫిస్టులాకి కొన్ని చోట్ల వాడతారు. కొత్త ఫిస్టులాకి పెట్టకూడదు, ఒకేసారి రెండు పెట్టకూడదు, పెట్టాక అదురు తెలుస్తోందా అని చూడాలి, 20 నిమిషాలు మించి వదిలేయకూడదు. క్లాంప్ పెట్టి మనిషి నిద్రపోతే దాని సంగతి అందరూ మర్చిపోయే ప్రమాదం ఉంది. వీలుంటే వేళ్లే మేలని నా అభిప్రాయం, వేలికి తెలిసేది క్లిప్పుకి తెలీదు. చేయి చుట్టూ బిగుతుగా ప్లాస్టర్ తిప్పి చుట్టడం కూడా ఇలాంటిదే, గాజ్ మీద అడ్డంగా అతికించాలి కానీ చేతికి వేసుకునే గాజులా చుట్టూ తిప్పకూడదు.

## యూనిట్‌లో ఉండగానే ఆగకపోతే

అరగంట అయింది ఇంకా ఊరుతోంది, ఇంటికెళ్తే తగ్గిపోతుందంటున్నారు. వెళ్లిపోవచ్చా?

వెళ్లకండి. రక్తం ఆగి, ప్లాస్టర్ మీద మరక పెరగకుండా ఒక పది పదిహేను నిమిషాలు కూర్చుని చూశాకే లేవాలి. బెడ్ ఇంకొకరికి కావాలంటే కుర్చీలో కూర్చోబెట్టమనండి, గేటు మాత్రం దాటొద్దు. ఈలోగా బీపీ చూడమనండి, 180, 190 ఉంటే ఎంత నొక్కినా లోపలినుంచి తోస్తూనే ఉంటుంది. హెపారిన్ డోస్ ఒకసారి సరిచూడమనండి. రక్తం కట్టించే ప్రత్యేకమైన గాజ్, స్పాంజ్ లాంటివి పెట్టడం, మరీ ఆగకపోతే హెపారిన్‌కి విరుగుడుగా ప్రొటమిన్ ఇవ్వడం, చర్మానికి కుట్టు వేయడం ఇవన్నీ డాక్టర్ చేతిలో ఉన్నవి, అందుకే అక్కడే ఉండమంటున్నా.

ఫిస్టులా కొత్తది, మొదటి నెల. చాలాసేపు కారుతోంది

కొత్త ఫిస్టులా గోడలు ఇంకా గట్టిపడి ఉండవు, మొదటి కొన్ని సెషన్లలో ఎక్కువసేపు పట్టడం మామూలే. సన్నని 17 గేజ్ సూదితో, పంప్ స్పీడ్ తక్కువ పెట్టి మొదలుపెడతారు. నొక్కడం మృదువుగా, ఎక్కువసేపు ఉండాలి.

సూది తీయగానే చేయి ఉబ్బి నల్లగా అయింది

రక్తం బయటికి రాకుండా చర్మం కింద చేరింది. ఆ రోజంతా ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాల చొప్పున, మధ్యలో విరామం ఇస్తూ పెట్టండి, చేయి దిండు మీద ఎత్తుగా ఉంచండి. మర్నాటి నుంచి గోరువెచ్చని కాపడం పెడితే కమిలింది మెల్లగా కరుగుతుంది, పసుపు రంగులోకి మారి వారం పది రోజుల్లో పోతుంది. ఉబ్బు గంటగంటకీ పెరుగుతున్నా, చేతివేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా, అదురు తెలియకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఉబ్బు పోయేదాకా ఆ చోట మళ్లీ గుచ్చనివ్వకండి.

మిషన్ మీద ఉండగానే సూది ఊడిపోతే?

ఇది నొక్కుకుని కూర్చునే విషయం కాదు, అరవాలి. పంప్ నిమిషానికి 300 మిల్లీలీటర్లు తిప్పుతుంటే, రక్తం తిరిగి లోపలికి పంపే వీనస్ సూది ఊడినప్పుడు నాలుగు నిమిషాల్లో లీటరుకి పైగా పోతుంది, మిషన్ అలారం ప్రతిసారీ మోగుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే చలేస్తోందని చేతిమీద దుప్పటి కప్పొద్దు, సూదులు ఎప్పుడూ కంటికి కనపడాలి. ఊడితే చిల్లు నొక్కిపట్టి గట్టిగా కేకేయండి, స్టాఫ్ వచ్చి పంప్ ఆపుతారు.

## దారిలో, ఇంట్లో

బస్సులో రెండు గంటలు వెళ్లాలి, ఏం జాగ్రత్తలు?

మాది ఉద్దానం వైపు ఊరు, కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఎంతమంది ఇలా బస్సుల్లో ఆటోల్లో తిరిగారో నాకు తెలుసు, అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. ఆగిందని నిర్ధారణ అయ్యాకే బస్సెక్కండి. ఫిస్టులా చేత్తో పై రాడ్ పట్టుకోవద్దు, సంచి మోయొద్దు, కిటికీ అంచుకి ఆనించొద్దు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే రక్తం కారేది కనపడదు, పొట్టి చేతులదో మడత పెట్టుకునేదో వేసుకోండి. బైక్ సొంతంగా నడుపుకుంటూ వెళ్లడం మానేయండి, డయాలసిస్ అయ్యాక కళ్లు తిరిగే అవకాశం ఎలాగూ ఉంటుంది. జేబులో రెండు గాజ్ ప్యాకెట్లు, గ్లౌజుల జత, ప్లాస్టర్ ఉంటే చాలు.

ఇంటికొచ్చాక మళ్లీ కారడం మొదలైంది, ఏం చేయాలి?

ముందు కూర్చోబెట్టండి, చేయి గుండెకన్నా ఎత్తులో పెట్టండి. తడిసిన ప్లాస్టర్ తీసేసి, సరిగ్గా ఎక్కడినుంచి వస్తోందో చూసి, శుభ్రమైన గాజ్ చిన్నగా మడిచి రెండు వేళ్లతో ఆ చిల్లు మీదే నొక్కండి. 10 నుంచి 15 నిమిషాలు, గడియారం చూస్తూ, ఎత్తకుండా. తడిసిన ప్లాస్టర్ మీదే ఇంకో ప్లాస్టర్, దానిమీద ఇంకోటి వేసుకుంటూ పోతే లోపల ఎంత పోతోందో తెలీదు. తువ్వాలు అసలు చుట్టొద్దు. మా ఇంట్లో ఒకసారి భయంతో పెద్ద టర్కీ తువ్వాలు చుట్టేశాం, పైకి తెల్లగానే ఉంది, కాసేపటికి గచ్చు మీద టప్ టప్ మని చుక్కలు పడే చప్పుడు వినపడింది, విప్పి చూస్తే లోపలి మడతలన్నీ ముద్దగా తడిసిపోయి ఉన్నాయి. రెండు వేళ్లతో నొక్కితే పన్నెండు నిమిషాల్లో ఆగింది.

అలా నొక్కినా 20 నిమిషాలకి ఆగకపోతే నొక్కి పట్టుకునే ఆస్పత్రికి బయల్దేరండి. వెళ్లేది దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి, మీ డయాలసిస్ సెంటర్ ఎంత దూరమైనా అక్కడికే వెళ్లాలని పట్టుబట్టకండి, అక్కడికి ఫోన్ చేసి చెప్తే చాలు.

కారడం కాదు, పిచికారీలా చిమ్ముతోంది!

వెంటనే వేలు పెట్టి గట్టిగా నొక్కండి, గాజ్ వెతుక్కుంటూ పరుగెత్తొద్దు, అప్పటికి ఒట్టి వేలైనా సరే. పక్కనున్నవాళ్లతో 108కి ఫోన్ చేయించండి, "డయాలసిస్ పేషెంట్, ఫిస్టులా నుంచి రక్తం చిమ్ముతోంది" అని ఈ మాటలే చెప్పండి. ఎవరూ లేకపోతే స్పీకర్‌లో పెట్టి నొక్కుతూనే మాట్లాడండి, తలుపు గడియ తీసి ఉంచండి. మనిషిని పడుకోబెట్టి చేయి పైకెత్తి ఉంచండి. ఈ టైంలో అదురు ఉందా, ఫిస్టులా ఏమవుతుందో అనే ఆలోచన వద్దు, ప్రాణం ముందు. చిల్లు జారిపోయి వేలితో ఆగకపోతే నీళ్ల బాటిల్ మూత బోలు వైపు చర్మానికి ఆనేలా చిల్లు మీద బోర్లించి నొక్కమని ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో పేషెంట్లకి నేర్పిస్తారు, ఒత్తిడంతా చిన్న చోట పడుతుందని. తాడు, చున్నీ భుజానికి బిగించి కట్టే ప్రయత్నంలో నొక్కడం వదిలేస్తారు, అది మాత్రం చేయొద్దు. కొంచెం తగ్గింది కదా అని వేలు తీయొద్దు, ఆస్పత్రివాళ్లు తీసుకునేదాకా ఆ వేలు అక్కడే ఉండాలి.

పసుపు, కాఫీ పొడి పెడితే ఆగుతుందంటున్నారు మా అత్తయ్య

మా అత్తయ్య కూడా డబ్బా పట్టుకుని వచ్చారు, పాపం ప్రేమతోనే. కూరగాయలు తరిగేటప్పుడు తెగిన వేలు వేరు, ఇది నేరుగా పెద్ద రక్తనాళంలోకి తెరుచుకున్న చిల్లు. పసుపు, కాఫీ పొడి, సున్నం, బూడిద ఏది పెట్టినా క్రిములు లోపలికి పోయి ఫిస్టులా ఇన్ఫెక్షన్, అక్కడినుంచి రక్తమంతా ఇన్ఫెక్షన్ అవ్వొచ్చు. పైగా పొడి కింద చిల్లు కనపడదు. వాళ్లని కసురుకోకుండా గడియారం చూసే పని అప్పజెప్పండి, మా ఇంట్లో ఆ ఉపాయమే పనిచేసింది.

ప్లాస్టర్ ఎప్పుడు తీయాలి? స్నానం?

బిగువుగా పెట్టిన గాజ్ ముద్దని నాలుగు నుంచి ఆరు గంటల్లో తీసేయాలి, రాత్రంతా ఉంచితే ఫిస్టులా మీద ఒత్తిడి. అంటుకుపోతే పీకొద్దు, శుభ్రమైన నీళ్లతో తడిపి మెల్లగా తీయండి. తర్వాత చిన్న బ్యాండేజ్ మర్నాడు పొద్దున్న దాకా ఉంచుకోవచ్చు. స్నానం మర్నాడే, ఆ రోజు మరీ వేడినీళ్లు వద్దు. తర్వాతి సెషన్‌కి వెళ్లేముందు సబ్బుతో చేయి కడుక్కోవాలి. పక్కు గిల్లకూడదు, గోళ్లు కత్తిరించుకోండి.

రాత్రి నిద్రలో కారితే తెలీదేమోనని నిద్రే పట్టట్లేదు

నాకూ మొదటి ఏడాది అంతే, లేచి లేచి టార్చ్ వేసి చూసేదాన్ని. ఆ రాత్రి చేయి దుప్పటి బయట, దిండు మీద ఉండాలి, ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. లేత రంగు దుప్పటి వేయండి, మరక వెంటనే కనపడుతుంది. గాజులు, వాచీ, తాయెత్తు ఆ చేతికి వద్దు. గాజ్, ప్లాస్టర్, గ్లౌజులు, ఫోన్ చేతికందేలా పెట్టుకుంటే సగం భయం తగ్గుతుంది.

## పదే పదే వస్తుంటే

నెలరోజులుగా ప్రతిసారీ ఎక్కువసేపు పడుతోంది, ఎందుకు?

మందులు మారలేదు, హెపారిన్ పెంచలేదు, అయినా ఇలా అవుతుంటే మొదట అనుమానించాల్సింది నరం పైన ఎక్కడో ఇరుకైందని. నీళ్ల పైపు చివర వేలు అడ్డం పెడితే వెనకాల చిల్లులోంచి జోరుగా చిమ్ముతుంది కదా, అలా. మిషన్‌లో వీనస్ ప్రెజర్ (రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే పైపులో ఒత్తిడి) పెరగడం, చేయి వాయడం, భుజం ఛాతీ మీద కొత్తగా నరాలు తేలడం, గురగుర బదులు టక్ టక్ మని నాడిలా కొట్టుకోవడం, చేయి పైకెత్తినా ఫిస్టులా మెత్తబడకుండా ఉబ్బే ఉండటం, ఇవన్నీ దానికి తోడొచ్చే గుర్తులు.

మాకూ ఇలాగే అయింది, మా నోట్‌బుక్‌లో ఆ నెల నిమిషాలు ఇలా ఉన్నాయి: 9, 10, 9, 14, 13, 17, 22. టెక్నీషియన్‌కి ఈ పేజీ చూపిస్తే నోటిమాటగా చెప్పినప్పుడు పట్టించుకోని మనిషే ఆ రోజే డాక్టర్‌ని పిలిచారు. డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) చేశారు, పైన నరం ఇరుకైంది, బెలూన్‌తో వెడల్పు చేశారు, తర్వాతి సెషన్‌కి 8 నిమిషాలు. అలాగే వదిలేసి ఉంటే ఇరుకు పెరిగి ఫిస్టులా మొత్తం గడ్డకట్టేది, మళ్లీ మెడలో పైపు, కొత్త ఆపరేషన్. బెలూన్ ఖర్చు స్కీమ్‌లో వస్తుందా అనేది మీ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

డయాలసిస్ లేని రోజు కూడా పక్కు దగ్గర చుక్క రక్తం వచ్చి ఆగిపోయింది. పర్లేదా?

ఆగిపోయింది కదా అని అనుకోవద్దు, ఈ పేజీలో నన్ను అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న ఇదే. సూది గుచ్చని రోజున దానంతటదే రక్తం రావడం పెద్ద రక్తస్రావానికి ముందు వచ్చే హెచ్చరిక కావొచ్చు. ఉబ్బు మీద చర్మం పలచబడి నున్నగా మెరుస్తున్నా, పక్కు రాలకుండా పెద్దదవుతున్నా, పుండు పడినా, ఎర్రబడి చీము పట్టినా, ఉబ్బు త్వరగా పెరుగుతున్నా అదే రోజు చూపించాలి, రేపు ఎలాగూ డయాలసిస్ ఉంది కదా అని ఆగకూడదు. అక్కడ మళ్లీ సూది పెట్టనివ్వొద్దు. సర్జన్ చూసి అవసరమైతే ఆ ముక్క సరిచేస్తారు.

హిమోగ్లోబిన్ 7 ఉంది, దానికీ రక్తం ఆగకపోవడానికీ సంబంధం ఉందా?

ఉంది. ఎర్ర కణాలు సరిపడా ఉన్నప్పుడే ప్లేట్‌లెట్లు నరం గోడవైపు తోయబడి చిల్లు దగ్గర పనిచేస్తాయి, రక్తం పలచబడితే ఆ పని మందగిస్తుంది. రక్తం పోతే హిమోగ్లోబిన్ ఇంకా తగ్గుతుంది, తగ్గితే ఇంకా పోతుంది. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ మానకుండా తీసుకోవాలి. సెషన్లు ఎగ్గొట్టినా, నాలుగు గంటలకి మూడు గంటలకే దిగిపోయినా ఒంట్లో మలినాలు పెరిగి ప్లేట్‌లెట్లు ఇంకా మొద్దుబారతాయి.

రక్తం ఆగే మాత్ర అని మెడికల్ షాప్‌లో ట్రానెక్సా ఇచ్చారు, వేయొచ్చా?

డాక్టర్ చెప్పకుండా వద్దు. ట్రానెక్సమిక్ యాసిడ్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, కిడ్నీలు పనిచేయనివాళ్లలో ఒంట్లోనే పేరుకుపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

రక్తమైతే ఆగింది, కానీ చేతిలో అదురు తెలియట్లేదు

ముందు ప్లాస్టర్ వదులు చేసి, చెవి ఆనించి వినండి. హోరు కూడా వినపడకపోతే అర్ధరాత్రైనా సరే డయాలసిస్ యూనిట్‌కి ఫోన్ చేసి బయల్దేరండి. గడ్డకట్టిన ఫిస్టులాని ఎంత తొందరగా చూపిస్తే తెరిచే అవకాశం అంత ఎక్కువ.

## గ్రాఫ్ట్, పైపు ఉన్నవాళ్లకి, ఊరు వెళ్లేవాళ్లకి

మాకు ఫిస్టులా కాదు గ్రాఫ్ట్. తేడా ఏమైనా ఉందా?

గ్రాఫ్ట్ అంటే చర్మం కింద వేసిన ప్లాస్టిక్ లాంటి గొట్టం. సొంత నరంలా దాని చిల్లు తనంతట తాను పూడదు, చుట్టూ ఉన్న కండ, గడ్డకట్టిన రక్తం కలిసి మూస్తాయి, కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు నొక్కాలి. ఒకేచోట గుచ్చితే గొట్టం జల్లెడలా అయిపోతుంది. ఇన్ఫెక్షన్, గడ్డకట్టడం కూడా ఫిస్టులా కన్నా ఎక్కువ.

మెడ దగ్గర పైపు చుట్టూ రక్తం ఊరుతోంది

కొత్తగా పెట్టిన ఒకటి రెండు రోజులు కొంచెం ఊరొచ్చు. అంతకు మించి వస్తుంటే పైపు చర్మంలోంచి బయటికొచ్చే చోట శుభ్రమైన గాజ్‌తో నొక్కి పట్టి, కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. పైపు మూత ఊడినా, పైపు పగిలినా దానికున్న క్లాంప్ వెంటనే మూసేయాలి, క్లాంప్‌కి పైన, ఒంటి వైపు పగిలితే పైపుని మడిచి వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి, రక్తం పోవడమే కాదు గాలి లోపలికి పోవడం కూడా ప్రమాదమే. పైపు మొత్తం ఊడొస్తే మళ్లీ లోపలికి తోయకుండా ఆ చిల్లు మీద, దానిపైన మెడ దగ్గర నొక్కి, పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం, అక్కడి యూనిట్‌లో డయాలసిస్. వాళ్లకి ఏం చెప్పాలి?

ఒక కాగితం మీద రాయించుకుని వెళ్లండి: హెపారిన్ ఎంత, ఎప్పుడు ఆపుతారు, ఏ గేజ్ సూది, పంప్ స్పీడ్, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), రక్తం పలచబడే మందులు ఏవి, చివరి హెపటైటిస్ రిపోర్ట్, ఏ చోట గుచ్చకూడదు. మేం సోంపేట వెళ్లినప్పుడల్లా దీనికి తోడు మా ఆయన చేతి ఫోటో ఒకటి తీసి, గుచ్చకూడని ఉబ్బుల మీద గుర్తు పెట్టి ఫోన్‌లో చూపిస్తాం. అక్కడ కొత్త సిస్టర్ ఒకావిడ ఆ ఫోటో చూసి, చేయి మొత్తం తడిమి, అదురు వేలితో చూసుకుని, "మామూలుగా ఎన్ని నిమిషాలకి ఆగుతుందండీ?" అని అడిగారు. తొమ్మిది అని చెప్పాం, ఆవిడ చార్ట్‌లో పైనే రాసుకున్నారు.